మూత్రపిండాలు తమను తాము ఎలా కాపాడుకుంటాయి?



మన జిల్లాలో కిడ్నీ అనే మాట చెవిన పడితే చాలు, గుండె జారిపోతుంది. ఉద్దానం పల్లెల సంగతి తెలియనివారు ఎవరున్నారు? మన ఎచ్చెర్ల ఆ పల్లెలకు దక్షిణాన చాలా దూరంలోనే ఉన్నా, ఇక్కడ ఎవరి ముఖం కాస్త ఉబ్బినా ముందుగా వచ్చే ప్రశ్న అదే. ఒక ఏడాది దీపావళి వెళ్ళిన వారంలో సముద్రపు ఒడ్డు పల్లె నుండి ఒక తల్లి ఏడేళ్ళ బాబును చంకనేసుకుని వచ్చింది. "సిస్టరమ్మా, మా గుంటడి మొకం పొద్దున్నే ఉబ్బిపోతంది. ఉచ్చ టీ నీల్లలాగ వస్తంది. ఆ ఉద్దానం జబ్బు మా ఊరికీ వచ్చీసిందేటమ్మా?" అని ఏడ్చింది.

బాబు కాళ్ళు చూశాను. మోకాళ్ళ కింద, వేళ్ళ సందుల్లో మానిన పుళ్ళ మచ్చలు. ఎప్పటివమ్మా అని అడిగితే, దసరా ముందు గజ్జి లేచిందనీ, గోకి గోకి చీము పట్టిందనీ, పసరు రాస్తే మానిపోయిందనీ చెప్పింది. బి.పి. చూస్తే 150/100. ఏడేళ్ళ పిల్లవాడికి అది చాలా ఎక్కువ. వెంటనే డాక్టరుగారిని పిలిచాము.

ఆ తల్లికి ఆ రోజు నేను చెప్పలేకపోయిన సంగతులు ఈ పాఠంలో వ్రాస్తున్నాను. కాళ్ళ మీద పుళ్ళకు, కిడ్నీకి సంబంధం ఏమిటి? మానిపోయిన పుండు నెల తరువాత మూత్రంలో రక్తం ఎలా తెప్పిస్తుంది? దీనికి జవాబు తెలియాలంటే మన రక్తంలో ఎప్పుడూ రగులుతూ ఉండే ఒక నిప్పు గురించి, ఆ నిప్పు నుండి మూత్రపిండాల కణాలు తమను ఎలా కాపాడుకుంటాయో దాని గురించి తెలుసుకోవాలి.

రక్తంలో నిప్పు

మన శరీరంలో రోగక్రిములను చంపడానికి తెల్ల రక్తకణాలు, యాంటీబాడీలు ఉన్నాయని మీరు విని ఉంటారు. వీటితో పాటు ఇంకొక సైన్యం ఉంది. దాని పేరు కాంప్లిమెంట్. అంటే తోడు నిలిచి పని పూర్తి చేసేది అని అర్థం. 1890లలో ప్యారిస్‌లోని పాశ్చర్ సంస్థలో జూల్ బోర్డే అనే వైద్యుడు రక్తపు సీరాన్ని దాదాపు 56 డిగ్రీల వరకు వేడి చేస్తే అది క్రిములను చంపే శక్తి కోల్పోతుందనీ, కొంచెం తాజా సీరం కలిపితే ఆ శక్తి తిరిగి వస్తుందనీ కనుగొన్నాడు. యాంటీబాడీలు ఆ వేడికి చెడవు. కాబట్టి చెడిపోయింది వేరొక పదార్థం. దానికి కాంప్లిమెంట్ అనే పేరు పెట్టినవాడు పాల్ ఎర్లిక్. బోర్డేకు 1919 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది.

కాంప్లిమెంట్ అంటే ఒక్క పదార్థం కాదు, ముప్పైకి పైగా ప్రోటీనుల గుంపు. వీటిలో ఎక్కువ భాగం కాలేయంలో తయారవుతాయి. గుంపులో పెద్దది సి-3. దీని స్వభావం విచిత్రమైనది. క్రిమి వచ్చినా రాకపోయినా ఇది రోజంతా కొద్దికొద్దిగా రగులుతూనే ఉంటుంది. దాని ముక్కలు దగ్గరలో ఏది ఉంటే దానికి అంటుకుంటాయి. అది క్రిమా, మన సొంత కణమా అని చూడవు.

మన పల్లెల్లో పెద్దవారికి కమ్మల ఇళ్ళు తగలబడిన రోజులు గుర్తుంటాయి. ఎండాకాలంలో ఒక ఇల్లు అంటుకుంటే నిప్పురవ్వలు గాలికి ఎగిరి వీధంతా పడేవి. ఒక రవ్వ ఎండు కమ్మ మీద పడితే అక్కడి నుండి వంద రవ్వలు లేచేవి. సి-3 సంగతి సరిగ్గా ఇంతే. ఒక ముక్క అంటుకున్నచోట ఒక చిన్న యంత్రం తయారై ఇంకా అనేక సి-3లను కోస్తుంది. ఆ ముక్కలు మళ్ళీ కొత్త యంత్రాలవుతాయి. చివరకు సి-5 నుండి సి-9 వరకు ఉన్న ప్రోటీనులు గుండ్రంగా చేరి కణం పైపొరలో గొట్టంలాంటి రంధ్రం చేస్తాయి. క్రిమి అయితే ఆ రంధ్రంతో చస్తుంది. అది మనకు మేలు. మరి అదే రవ్వ మన కణం మీద పడితే?

ఆ రోజుల్లో పొరుగిళ్ళవారు ఏం చేసేవారు? నిచ్చెన వేసి కప్పు మీద తడి గోనెలు పరిచేవారు, బిందెలతో నీళ్ళు పోసేవారు. రవ్వ పడినా ఆరిపోయేది. దేవుడు మన ప్రతి కణం కప్పు మీద ఇలాంటి తడి గోనెలు పరిచే ఉంచాడు.

మూత్రపిండానికే ఎందుకు ఎక్కువ ప్రమాదం?

మన రెండు కిడ్నీలకు నిమిషానికి సుమారు ఒక లీటరు రక్తం వస్తుంది. ఒక్కొక్క కిడ్నీలో దాదాపు పది లక్షల వడపోత గుత్తులు ఉన్నాయి. ఇవి రోజుకు 180 లీటర్ల నీటిని వడపోసి, అందులో లీటరున్నర, రెండు లీటర్లు తప్ప మిగిలినదంతా తిరిగి రక్తంలోకి పంపుతాయి. అంత రక్తం, అంత ఒత్తిడితో, అంత సన్నని జల్లెడ గుండా పోతున్నప్పుడు యాంటీబాడీల ముద్దలు జల్లెడలో ఇరుక్కోవడం తేలిక. ఇరుక్కున్న చోట కాంప్లిమెంట్ రగులుతుంది.

జల్లెడకు మూడు పొరలు. లోపల రక్తం వైపు సన్నని చిల్లులున్న కణాల పొర. బయట మూత్రం వైపు చాలా కాళ్ళున్న పోడోసైట్ కణాల పొర. ఈ రెంటి నడుమ పరదాలాంటి పొర. ఈ పరదాలో కణాలు లేవు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

తడి గోనెలు నాలుగు రకాలు

పేర్లు కష్టంగా ఉంటాయి. పేర్లు మరచినా ఫరవాలేదు, పని గుర్తుంటే చాలు.

మొదటిది సి.డి.55. రవ్వల నుండి తయారయ్యే ఆ చిన్న యంత్రాన్ని ఇది రెండు ముక్కలుగా విడగొడుతుంది. రెండవది సి.డి.46. అంటుకున్న సి-3 ముక్కను పట్టుకుని, రక్తంలో తిరిగే ఫ్యాక్టర్-ఐ అనే కత్తెరకు అందిస్తుంది. కత్తెర కోశాక ఆ ముక్క మళ్ళీ మంట రేపలేదు. మూడవది సి.డి.59. ముందు రెండూ తప్పిపోయి రంధ్రం తయారయ్యే దశ వచ్చినా, సి-9లు గుండ్రంగా చేరకుండా ఇది అడ్డుపడుతుంది. వడపోత గుత్తిలోని కణాల మీద ఈ మూడూ ఉంటాయి. పోడోసైట్ల మీద వీటికి అదనంగా సి.ఆర్.1 అనే మరొకటి కూడా ఉంది. రవ్వలు ఎక్కువగా పడే చోట గోనెలు కూడా ఎక్కువే.

నాలుగవది కణానికి అతుక్కుని ఉండదు, రక్తంలో తిరుగుతూ ఉంటుంది. దాని పేరు ఫ్యాక్టర్-హెచ్. మన కణాల పైన ఒక రకమైన చక్కెర పూత ఉంటుంది. ఫ్యాక్టర్-హెచ్ ఆ పూతను గుర్తుపట్టి అక్కడ వాలుతుంది, వాలిన చోట మంట ఆర్పుతుంది. చాలా క్రిములకు ఆ పూత లేదు, కాబట్టి వాటి మీద మంట ఆగదు. మనది ఏది, పరాయిది ఏది అనే తేడా ఇలా తెలుస్తుంది. ఇందాక చెప్పిన నడిమి పరదా ఉందే, దానికి కణాలు లేవు కాబట్టి సొంత గోనెలు లేవు. మనిషి లేని ఇల్లు అది. దానికి దిక్కు దాదాపుగా ఈ ఫ్యాక్టర్-హెచ్ ఒక్కటే. అందుకే ఫ్యాక్టర్-హెచ్ చెడితే శరీరమంతటిలో ముందుగా దెబ్బ తినేవాటిలో కిడ్నీ ఒకటి.

ఇక్కడ ఒక చమత్కారం చెప్పాలి. గొంతు నొప్పి, చీము పుళ్ళు తెచ్చే స్ట్రెప్టోకోకస్ క్రిమి చాలా గడుసుది. దానిలో కొన్ని రకాలు మన ఫ్యాక్టర్-హెచ్‌నే దొంగిలించి తమ ఒంటి మీద కప్పుకుంటాయి. దొంగ పోలీసు చొక్కా వేసుకున్నట్లు!

ఇన్ని కాపలాలు దాటి కూడా కొన్ని రంధ్రాలు పడితే కణం వెంటనే చనిపోదు. రంధ్రం పడిన పైపొర ముక్కను లోపలికి మింగి, లేదా చిన్న బుడగలా తుంచి బయటకు పారేస్తుంది. పోడోసైట్లు ఆ బుడగలను మూత్రంలోకి వదిలేస్తాయి. చిరిగిన వలను మత్స్యకారుడు ఆ ముక్క కోసి, కొత్త దారంతో అల్లుకున్నట్లు. కానీ చిరుగులు అల్లే వేగం కన్నా ఎక్కువైతే ఏ వలైనా ఎంతకాలం నిలుస్తుంది?

కాపలా ఓడిపోయే మూడు దారులు

మొదటి దారి ఆ బాబుది. గోనెలు బాగానే ఉన్నాయి, మంటే మరీ పెద్దది. పుళ్ళలోని స్ట్రెప్టోకోకస్ మీద శరీరం యాంటీబాడీలు తయారుచేసింది. క్రిమి ముక్కలు, యాంటీబాడీలు కలిసిన ముద్దలు వడపోత గుత్తుల్లో చేరాయి. కాంప్లిమెంట్ భగ్గుమంది. దీనికి సమయం పడుతుంది. గొంతు నొప్పి తరువాత అయితే ఒకటి నుండి మూడు వారాలు, చర్మం పుళ్ళ తరువాత అయితే మూడు నుండి ఆరు వారాలు. అందుకే పుండు మానిపోయాక జబ్బు బయటపడుతుంది, తల్లులు రెంటినీ కలిపి చూడరు. జల్లెడ వాచి రక్తకణాలు జారితే మూత్రం టీ డికాషన్ రంగులోకి వస్తుంది. నీరు, ఉప్పు లోపల నిలిచిపోతే ముఖం, పాదాలు ఉబ్బుతాయి. బి.పి. పెరుగుతుంది.

ఈ జబ్బులో రక్తంలో సి-3 కొలిస్తే తక్కువగా వస్తుంది. చాలా ల్యాబుల్లో మామూలు విలువ డెసిలీటరుకు సుమారు 90 నుండి 180 మిల్లీగ్రాములు. తక్కువ ఉందంటే సి-3 మంటలో ఖర్చైపోయిందని అర్థం. పొయ్యి ఎంత మండిందో మిగిలిన కట్టెలను బట్టి తెలుసుకున్నట్లు. మంట ఆరితే ఆరు నుండి ఎనిమిది వారాలలో సి-3 మళ్ళీ మామూలుకు వస్తుంది. పన్నెండు వారాలు దాటినా రాకపోతే అది ఈ జబ్బు కాకపోవచ్చు. లూపస్, లేదా కాంప్లిమెంట్ అదుపు తప్పిన వేరే కిడ్నీ జబ్బు ఉందేమో చూడాలి. అప్పుడు కిడ్నీ డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్ష చేయిస్తారు. రెండవసారి పరీక్షకు రమ్మంటే "బాగయిపోనాడు కదా" అని మానేయకండి. మొదటి పరీక్ష కన్నా ఆ రెండవ పరీక్షే ఎక్కువ చెబుతుంది.

రెండవ దారిలో మంట మామూలుదే, గోనెలే లేవు. కొందరికి ఫ్యాక్టర్-హెచ్ లేదా సి.డి.46 పుట్టుకతోనే లోపంగా ఉంటుంది. మరికొందరిలో శరీరం తన ఫ్యాక్టర్-హెచ్ మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఇది మన దేశం పిల్లలకు సంబంధించి ముఖ్యమైన సంగతి. ఇతర దేశాలలో ఇలాంటి పిల్లలలో కొద్దిమందికే ఈ యాంటీబాడీలు కనిపిస్తే, మన దేశంలో పరీక్షించిన పిల్లలలో దాదాపు సగం మందికి కనిపించాయి. ఈ జబ్బులో బిడ్డ ఉన్నట్టుండి పాలిపోతుంది, మూత్రం తగ్గిపోతుంది, రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. పాలిపోయింది కదా అని పచ్చకామెర్లకు మందు పోయించడానికి తీసుకుపోతారు. అలా పోయిన ప్రతి రోజూ కిడ్నీకి నష్టమే. తొందరగా గుర్తిస్తే రక్తంలోని ప్లాస్మాను మార్చి, యాంటీబాడీలను తగ్గించే మందులిచ్చి కిడ్నీని కాపాడగలరు. సి-5 దగ్గర మంటను ఆపే ఎక్యులిజుమాబ్ అనే మందును అమెరికాలో ఈ జబ్బుకు 2011లో అనుమతించారు. కానీ దాని ఖరీదు మనవంటివారికి అందేది కాదు. ప్లాస్మా మార్పిడి మాత్రం పెద్ద ఆసుపత్రులలో దొరుకుతుంది.

మూడవ దారి నెమ్మదైనది. పెద్దవారు, ముఖ్యంగా షుగరు, బి.పి. ఉన్నవారు దీన్ని శ్రద్ధగా చదవాలి. వడపోత గుత్తి తరువాత మూత్రం సన్నని నాళాల గుండా పోతుంది. ఆ నాళాల కణాలకు రక్తం వైపు గోనెలు ఉన్నాయి, మూత్రం వైపు చాలా తక్కువ. ఎందుకంటే మంచి జల్లెడ కాంప్లిమెంట్‌ను అటు పోనివ్వదు. రాని దొంగకు తలుపెందుకు? కానీ జల్లెడ చెడి మూత్రంలో ఆల్బుమిన్ పోతున్నప్పుడు దానితో పాటు కాంప్లిమెంట్ ప్రోటీనులు కూడా జారిపోతాయి. నాళాలలో తయారయ్యే అమ్మోనియా సి-3ని రగిలించగలదని 1980లలోనే ప్రయోగాలలో చూపించారు. తలుపు లేని వైపు నుండి నిప్పు వస్తుంది. అంటే మూత్రంలో ప్రోటీను పోవడం జబ్బుకు గుర్తు మాత్రమే కాదు, అది కూడా కిడ్నీని చెరుపుతుంది. నొప్పి ఉండదు, వాపు ఉండకపోవచ్చు. డాక్టరుగారు ప్రోటీను తగ్గడానికి ఇచ్చిన బి.పి. మాత్రను "నాకు బి.పి. లేదు కదా" అని ఆపేసేవారు మా ఓ.పి.లో వారానికి ఒకరైనా కనిపిస్తారు. ఆ మాత్ర ఎందుకో ఇప్పుడు మీకు తెలిసింది.

మరి ఉద్దానం జబ్బు?

ఆ తల్లి ప్రశ్నకు జవాబు చెప్పాలి. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో కనిపించే జబ్బు ఇది కాదు. అక్కడ ముందుగా చెడేది జల్లెడ కాదు, నాళాలు, వాటి చుట్టూ ఉన్న భాగం. ఎక్కువగా నడివయసు రైతులు, కూలీలలో వస్తుంది. ముఖం ఉబ్బదు, మూత్రం రంగు మారదు, మొదట్లో బి.పి. కూడా మామూలుగానే ఉండవచ్చు. రక్తంలో క్రియాటినిన్ చూస్తేనే బయటపడుతుంది. అసలు కారణం మీద పరిశోధన ఇంకా నడుస్తోంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. వాపు వస్తేనే కిడ్నీ జబ్బు అనుకునేవారు, వాపు వచ్చిందంటే డయాలసిస్ తప్పదు అనుకునేవారు, ఇద్దరూ పొరపాటు పడుతున్నారు. ఆ బాబుకు వచ్చినలాంటి జబ్బు పిల్లలలో చాలామందికి పూర్తిగా నయమవుతుంది. అయితే మొదటి వారం గండం. బి.పి. అదుపులో లేకపోతే ఫిట్స్ రావచ్చు, ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చు.

ఇంట్లో ఏం చేయాలి?

గజ్జిని చిన్నదనుకోవద్దు. పెర్మెత్రిన్ 5 శాతం క్రీము రాత్రి మెడ నుండి అరికాలి వరకు, వేళ్ళ సందులతో సహా రాసి, ఉదయం స్నానం చేయించండి. ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. ఒక్కరికే రాస్తే వారంలో మళ్ళీ వస్తుంది. దుప్పట్లు, బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయండి. వారం తరువాత మరోసారి రాయండి. రెండు నెలల లోపు బిడ్డకు, గర్భిణికి మాత్రం అడగకుండా రాయవద్దు. పుండుకు చీము పడితే పసరు, పేడ, బూడిద రాయకుండా ఆసుపత్రికి తీసుకురండి. సరైన యాంటీబయోటిక్ పుండును మాన్పుతుంది, ఆ క్రిమి ఇంట్లో మరొక బిడ్డకు పాకకుండా చూస్తుంది.

ముఖం ఉబ్బి, మూత్రం తగ్గిందనుకోండి. అప్పుడు మనవాళ్ళు మొట్టమొదట చేసేది కొబ్బరినీళ్ళు, బార్లీ నీళ్ళు బాగా తాగించడం. ప్రేమతోనే చేస్తారు, కానీ మూత్రం రానప్పుడు తాగించిన నీరంతా ఒంట్లోనే నిలుస్తుంది. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ దాన్ని బయటకు పంపలేనప్పుడు గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ఎన్ని నీళ్ళివ్వాలో డాక్టరుగారు ముందురోజు మూత్రాన్ని కొలిచి చెబుతారు. ఉప్పు తగ్గించాలి. కూరలో ఉప్పు మానేసి పక్కన ఎండుచేప ముక్క, ఆవకాయ పెడితే ఉప్పు తగ్గించినట్లు కాదమ్మా! ఒళ్ళు నొప్పులకు డైక్లోఫినాక్ వంటి మాత్రలు అసలే ఇవ్వవద్దు.

ఆ బాబును పది రోజులు ఉంచుకున్నాము. రెండవ రాత్రి ఫిట్స్ వచ్చింది. వాళ్ళమ్మ నా చెయ్యి విడువలేదు. మందులతో బి.పి. దిగింది, నాలుగవ రోజు నుండి మూత్రం ధారాళంగా వచ్చింది, వాపు తీసింది. సి-3 మొదట 31 ఉంది. ఎనిమిది వారాల తరువాత బస్సు ఛార్జీలు దండగని ఇంట్లో వద్దన్నా ఆమె బాబును తీసుకొచ్చింది. అప్పుడు 112. మూత్రం కంటికి తేటగా ఉన్నా మైక్రోస్కోపులో కొన్ని ఎర్రకణాలు కనిపించాయి. ఇవి ఏడాది వరకు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం కనిపించవచ్చు. అందుకని మొదట మూడు నెలలకు, తరువాత ఏడాదికొకసారి బి.పి., మూత్రం చూపించమని చీటీ మీద వ్రాసి ఇచ్చాము. ఆ చీటీని ఆమె రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. తరువాత వచ్చినప్పుడు బాబుతో పాటు చెల్లెలిని కూడా తెచ్చింది. ఆ పిల్ల వేళ్ళ సందుల్లో అప్పుడే మొదలవుతున్న గజ్జి.